గడియ తీసిన తలుపు: హోలీ నుంచి హోలా మొహల్లా దాకా



మా కస్బా నిజామాబాద్ జిల్లాలో ఉంది. నా బచ్‌పన్‌లో కాముని పున్నమి దగ్గర పడుతుంటే మా గల్లీలో కోలల చప్పుడు మొదలయ్యేది. పిల్లలు చెరో రెండు కట్టెలు పట్టుకుని ఇంటింటి ముందు జాజిరి ఆడేవాళ్లు. ఆ గుంపులో నేనూ ఉండేవాణ్ని. పొద్దున ఉర్దూ మీడియం స్కూల్లో సబఖ్, సాయంత్రం జాజిరి పాట. ఈ రెండింటికీ తకరార్ ఉందని నాకెవరూ చెప్పలేదు. మా ఇంటి ముందుకొస్తే అమ్మీ దోసెడు బియ్యం పోసేది. "నీ కొడుకు కూడా ఉన్నడు చాచీ, ఇంకో దోసెడు పొయ్యి" అని దోస్తులు ఆశగా అడిగేవాళ్లు. అమ్మీ నవ్వి ఇంకో దోసెడు పోసేది. రంగులు చల్లుకునే రోజు మాత్రం అబ్బా నన్ను బయటికి పోనిచ్చేవాడు కాదు. "చూడు, చాలు" అనేవాడు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాణ్ని.

1993 హోలీకి ఆ కిటికీ కూడా మూశారు. బాబ్రీ మస్జిద్ కూలి అప్పటికి మూడు నెలలు. ఆ ఏడు హోలీ రమజాన్ నెలలోనే వచ్చింది, ఇంట్లో అందరం రోజాలో ఉన్నాం. మా కస్బాలో ఏ గొడవా జరగలేదు. అయినా అబ్బా తలుపుకు గడియ పెట్టాడు. జాజిరి పిల్లలు మా వాకిట్లోకి వచ్చి వెళ్లారో, మూసిన తలుపు చూసి అటే పోయారో నాకు తెలియదు. అప్పటి నుంచి మా ఇంట్లో హోలీ అంటే గడియ పెట్టుకునే రోజు అయిపోయింది. అబ్బా ఇంతిఖాల్ తర్వాత కూడా ఆ రివాజ్ మారలేదు.

2023 మొదట్లో మా బేటీ కాలేజీ నుంచి వచ్చి ఒక సవాల్ వేసింది. "మీవాళ్లకు హోలీ అంటే పడదు కదా" అని క్లాసులో ఎవరో అన్నారట. "పడదా అబ్బా? పడకపోతే ఎప్పటి నుంచి?" అంది. మొదటి సవాల్‌కు ఎవరైనా ఏదో ఒక జవాబ్ చెప్పి పంపించేయొచ్చు. రెండోది తారీఖ్ సవాల్. దానికి కితాబులు తిరగెయ్యాలి, వీలైతే వెళ్లి చూడాలి. ఆ ఏడు హోలీ మార్చి 8న వచ్చింది, రమజాన్ ఇంకా రెండు వారాలుంది. నేను పత్రికలో సెలవు పెట్టాను. నేను, బేగం, బేటీ ముగ్గురం ఉత్తరానికి రైలెక్కాం. అమ్మీ ఖుష్‌గా లేదు. "చూసి రండి. పూసుకోకండి" అంది.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను ముఫ్తీని కాను. ఏది జాయెజ్, ఏది కాదు అన్న మసలా ఆలిమ్‌లను అడగండి. ఫలానా బాద్‌షా హోలీ ఆడాడు కాబట్టి మనమూ ఆడొచ్చని వాదించేవాళ్లున్నారు. బాద్‌షాల దర్బారు దీన్‌కు దలీల్ కాదు, వాళ్లు షరాబ్ కూడా తాగారు. నేను చెప్పబోయేది మనవాళ్లు ఈ పండుగలను ఎక్కడ నిలబడి చూశారన్నది మాత్రమే.

చూసి రాసినవాళ్లు

దాదాపు వెయ్యేళ్ల కిందట అల్-బిరూనీ ఈ దేశం గురించి అరబీలో పెద్ద కితాబ్ రాశాడు. మనం దాన్ని కితాబుల్ హింద్ అంటాం. 1030 ప్రాంతంలో పూర్తయింది. అందులో హిందువుల పండుగల మీద ఒక బాబ్ మొత్తం ఉంది. ఏ నెలలో ఏ తిథికి ఏం చేస్తారో వరసగా చెబుతాడు. వసంతం ఎప్పుడొస్తుందో లెక్క కట్టి ఆ రోజు పండుగ చేసుకుంటారని, ఫాల్గుణ పున్నమికి మంటలు వేస్తారని రాశాడు. ఆ పండుగను ఆయన మెచ్చుకోలేదు, ఎగతాళీ చెయ్యలేదు. ఆయన మహమూద్ గజ్నవీ కాలపు మనిషి. తలవార్ ఒకవైపు తిరుగుతుంటే కలం ఇంకోవైపు కూర్చుని పక్కవాడి క్యాలెండర్ నేర్చుకుంది.

ఆరొందల ఏళ్లకు జహంగీర్ తన తుజుక్‌లో హోలీ గురించి రాశాడు. ముందు రాత్రి గల్లీ గల్లీలో మంటలు వేస్తారని, తెల్లారాక ఒక జాము సేపు ఒకరి తలల మీద, ముఖాల మీద ఒకరు చల్లుకుంటూ గోల గోల చేస్తారని, తర్వాత స్నానం చేసి బట్టలు మార్చుకుని తోటల్లోకి, పొలాల్లోకి వెళ్తారని చెబుతాడు. ఇది చదివినప్పుడు నాకు కిటికీ చువ్వలు పట్టుకున్న పిల్లవాడు గుర్తొచ్చాడు. జహంగీర్ జనానాలో హోలీ ఆడుతున్నట్టు గీసిన మొఘల్ తస్వీర్ కూడా ఒకటుంది. ఇప్పుడది ఐర్లాండ్‌లో, డబ్లిన్ నగరంలోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది.

నాకు ఎక్కువ ఇష్టమైన గవాహ్ మాత్రం మన దక్కన్ మనిషి. పేరు దర్గాహ్ కులీ ఖాన్. మొదటి ఆసఫ్ జాహ్ 1738 ప్రాంతంలో దిల్లీ వెళ్లినప్పుడు ఆయన కొలువులో ఈయనా వెళ్లాడు. అక్కడున్న మూడేళ్లలో చూసిందంతా ఫార్సీలో రాసుకున్నాడు. అదే మురఖ్ఖా-ఎ-దిల్లీ. నాదిర్ షా దిల్లీని కొల్లగొట్టింది 1739లో, ఈయన అక్కడున్నప్పుడే. అంత తబాహీ చూసిన కళ్లతోనే ఆయన దిల్లీ బసంత్ గురించి రాశాడు. జనం పూలు, అత్తర్లు పట్టుకుని, ఖవ్వాల్‌లను వెంటబెట్టుకుని మొదటి రోజు ఖదమ్ షరీఫ్‌కు, తర్వాతి రోజుల్లో ఒక్కో దర్గాకు వెళ్లేవాళ్లట. వసంత పంచమి పసుపు రంగు దర్గాల వాకిట్లోకి వచ్చింది.

ఆ రివాయత్ ఇప్పటికీ నిజాముద్దీన్ ఔలియా దర్గాలో సజీవంగా ఉంది. మేనల్లుడి మౌత్‌తో హజ్రత్ నిజాముద్దీన్ నవ్వడం మానేశారని, ఆవ పూలు పట్టుకుని పసుపు బట్టల్లో గుడికి వెళ్తున్న ఆడవాళ్లను చూసి అమీర్ ఖుస్రూ తానూ అలాగే పూలు పట్టుకుని పీర్ ముందుకు వెళ్లాడని, అది చూసి హజ్రత్ నవ్వారని చెప్పుకుంటారు. మేం వెళ్లేసరికి ఆ ఏటి బసంత్ అయిపోయింది. అయినా ఫాతిహా చదువుకుని, ఖుస్రూ మజార్ దగ్గర కాసేపు కూర్చున్నాం. "ఇది దిల్లీవాళ్ల ముచ్చట, మనది కాదు కదా" అంది బేటీ. "మన గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఏం తక్కువ తిన్నాడా? ఈద్ మీద, షబే బరాత్ మీద రాసిన దక్కనీ కలంతోనే బసంత్ మీదా నజ్మ్‌లు రాశాడు" అన్నాను. 1591లో హైదరాబాద్ కట్టించిన మనిషి ఆయన. ఆమె ఫోన్ తీసి ఆ పేరు రాసుకుంది.

లక్క గోళంలో గులాల్

దిల్లీ నుంచి జైపూర్ వెళ్లాం. దానికి ఒక వజహ్ ఉంది. అక్కడ మణిహారోంకా రాస్తా అని ఒక గల్లీ ఉంది. లక్క గాజులు చేసే ముస్లిం కారీగర్ల బిరాదరీ అది. మన చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో కూర్చుని లక్క గాజులకు అద్దాలు అతికే ఉస్తాద్‌లు ఎలా ఉంటారో వీళ్లూ అలాగే ఉంటారు. అదే పొయ్యి, అదే లక్క వాసన. హోలీ ముందు మాత్రం వీళ్లు గాజులు పక్కనపెట్టి గులాల్ గోటాలు చేస్తారు.

లక్కను వేడి చేసి చిన్న ఉండలా సాగదీస్తారు. సన్నని గొట్టం కొసకు దాన్ని అంటించి, తిప్పుతూ, ఊదుతారు. బుడగలా ఉబ్బి పల్చటి గోళం అవుతుంది. నీళ్లలో వేసి చల్లార్చి, లోపల గులాల్ నింపి, నోరు మూసేస్తారు. విసిరితే తగిలిన చోట పెంకు పగిలి రంగు చిమ్ముతుంది, దెబ్బ తగలదు. ఒకప్పుడు జైపూర్ రాజులు ఏనుగుల మీద ఊరేగుతూ జనం మీదికి వీటినే విసిరేవాళ్లు. రాజులు పోయారు, ఈ గల్లీలో ఊదే గొట్టం మాత్రం ఆగలేదు.

మేం కూర్చున్న దుకాణంలో ఒక ఖాలా ఊదుతోంది. జొహర్ అజాన్ వినపడగానే గొట్టం పక్కన పెట్టి, దుపట్టా సర్దుకుని లోపలికి వెళ్లింది. పది నిమిషాల్లో తిరిగొచ్చి మళ్లీ ఊదడం మొదలుపెట్టింది. "మీరు హోలీ ఆడతారా?" అని బేటీ అడిగింది. "మేం ఆడం బేటా, ఆడిస్తాం" అంది. బేటీ ఒక ఎర్ర గోటా కొనుక్కుంది. దూదిలో చుట్టి డబ్బాలో పెట్టుకుంది.

ఈ ముచ్చట జైపూర్‌తో అయిపోదు. మథుర, బృందావన్‌లలో కృష్ణుడి విగ్రహాలకు తొడిగే జరీ పోషాక్‌లు కుట్టేవాళ్లలో ముస్లిం కారీగర్లు చాలామంది ఉన్నారు. భజన వేరు, రోజీ వేరు అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ పక్కవాడి దేవుడి కొలతలు తెలిసిన దర్జీకీ ఆ దేవుడి భక్తుడికీ మధ్య ఏళ్ల తరబడి నడిచే ఎతెబార్ ఒకటుంటుంది. దాన్ని చిన్నదనుకోవద్దు.

బర్సానా మేడ మీద

బర్సానా మథురకు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. కొండ మీద రాధారాణి గుడి, కింద ఊరు. అసలు హోలీకి వారం ముందు, ఫాల్గుణ శుద్ధ నవమి నాడు నంద్‌గావ్ మగవాళ్లు ఇక్కడికి హోలీ ఆడటానికి వస్తారు. నంద్‌గావ్ కృష్ణుడి ఊరు, బర్సానా రాధ ఊరు. అంటే వచ్చినవాళ్లు అల్లుడి తరఫువాళ్లు. బర్సానా ఆడవాళ్లు ముసుగులు దించుకుని పొడవాటి లాఠీలతో వాళ్లను బాదుతారు. మగవాళ్లు తల మీద డాలు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని దెబ్బలు కాచుకుంటారు, ఎదురు కొట్టకూడదు. మర్నాడు బర్సానావాళ్లు నంద్‌గావ్ వెళ్తారు. దీన్నే లఠ్‌మార్ హోలీ అంటారు.

రంగు కోసం టేసూ పూలను తొట్లలో నానబెట్టి ఉడికిస్తారు. ఆ పూలు చూడగానే బేగం గుర్తుపట్టింది, "ఇవి మన మోదుగ పూలే కదా!" అని. మా జిల్లాలో ఫాల్గుణం వస్తే అడవి అంచులన్నీ వీటితోనే ఎర్రగా మండుతుంటాయి. చిన్నప్పుడు మేమూ వీటినే ఉడికించేవాళ్లం. ఇక ఆ గుంపుల నోట వినపడే మాటలు చూడండి. అబీర్ అరబీ మాట, రంగ్ ఫార్సీ మాట.

రంగీలీ గలీలో కాలు పెట్టే జాగా లేదు. ఒక ఇంటివాళ్లు మమ్మల్ని మేడ మీదికి రమ్మన్నారు. ఆ ఇల్లాలు పేర్లు అడిగింది. చెప్పాం. ఒక్క క్షణం ఖామోషీ. నా దిల్ కొంచెం ఆగింది. ఆమె గోడ వారగా ఒక చాప పరిచి, "ఇక్కడ కూర్చోండి, ఇక్కడికి రంగు పడదు" అంది. తర్వాత ప్లేటులో గుజియాలు తెచ్చి పెట్టింది. మేం అడగకుండానే ఆమెకు తెలిసిన సంగతి ఏమిటంటే, మెహమాన్‌కు చూడాలనే ఆశ ఉండొచ్చు, పూసుకోకూడదనే పాబందీ కూడా ఉండొచ్చు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

ఈ బ్రజ్ నేల మీదే మనవాళ్లు చూడటం దాటి పాడారు కూడా. సయ్యద్ ఇబ్రాహీం అనే పఠాన్ రస్‌ఖాన్ అనే పేరుతో కృష్ణుడి మీద బ్రజ్ భాషలో కవిత్వం చెప్పి, ఆ భాషలోని గొప్ప కవుల్లో ఒకడయ్యాడు. ఆయన సమాధి గోకుల్, మహావన్‌ల దగ్గరుంది. ఆగ్రాలో నజీర్ అక్బరాబాదీ హోలీ మీద ఒకటి కాదు, ఎన్నో నజ్మ్‌లు రాశాడు. ఆయన దర్బారు షాయిర్ కాదు, పిల్లలకు చదువు చెప్పుకుని బతికిన బజారు మనిషి. లక్నోలో నవాబ్ ఆసఫుద్దౌలా హోలీ గురించి మీర్ తఖీ మీర్ అంతటివాడు మస్నవీ రాశాడు. దిల్లీ ఆఖరి బాద్‌షా జఫర్ హోరీలు కట్టాడు. ఇక బారాబంకీ దగ్గర దేవా షరీఫ్‌లో, హాజీ వారిస్ అలీ షా దర్గాలో, నేటికీ హోలీ గులాల్ ఎగురుతుంది.

రెండో సఫా

మేడ దిగి గల్లీలోకి వచ్చాక ఇంకోటి జరిగింది. అదీ రాయాలి. ఒక కుర్రాళ్ల గుంపు కనపడిన అమ్మాయిలందరి ముఖాలకూ బలవంతంగా రంగు పూస్తోంది. మా బేటీ చెయ్యి అడ్డం పెట్టి "నహీఁ" అంది. ఒకడు ఆగిపోయాడు. ఇంకొకడు ఆగలేదు. పూసేసి, "బురా న మానో, హోలీ హై" అని నవ్వుకుంటూ పోయాడు. ఆమె రాత్రి దాకా మాట్లాడలేదు. అక్కడ ఏడ్చిన అమ్మాయిల్లో హిందూ అమ్మాయిలే ఎక్కువ అని తర్వాత ఆమే చెప్పింది.

బురా న మానో. ఏమీ అనుకోకండి అని. ఆ మాట బతిమాలుకునే మాట. అనుకునే హక్ నీకుంది, ఈ ఒక్క రోజుకు మాఫ్ చెయ్యి అని అడగడం. అడిగిన మాటకు జవాబ్ వినకుండా పోతే అది అడగడం కాదు, జబర్దస్తీ.

ఈ ఫిర్యాద్ కొత్తది కాదు. ఔరంగజేబ్ 1665లో గుజరాత్ అధికారులకు పంపిన ఫర్మాన్‌లో హోలీ సంగతి ఉంది. బజార్లలో బూతులు మాట్లాడుతున్నారు, జనం కట్టెలను లాక్కుని, దొంగిలించి మంటల్లో వేస్తున్నారు, ఇది ఆపండి అని. ఆ బాద్‌షా దిల్‌లో ఇంకా ఏమేం ఉన్నాయో అది వేరే బహస్. ఎవరి కట్టెలు వాళ్లవి అన్న మాట మాత్రం ఏ మజ్హబ్ వాడైనా ఒప్పుకునేదే.

ఆ తర్వాత ఫర్రుఖ్‌సియర్ పాలన తొలి రోజుల్లో అహ్మదాబాద్‌లో హోలీ మంట మీదే ఫసాద్ అయింది. ఒక హిందువు, ఒక ముస్లిం ఇళ్లకు ఉమ్మడి వాకిలి. అక్కడ హోలీ మంట వెయ్యొద్దని ముస్లిం, వేస్తానని హిందువు. ఎవరి ఇంట్లో వాళ్ల ఇష్టమని సూబేదార్ దావూద్ ఖాన్ పన్నీ ఫైసలా చెప్పాడు. మంట వేశారు. మర్నాడు అదే ఫైసలా చూపించి ముస్లింలు ఆవును కోశారు. ఇక షహర్ అంతా అంటుకుంది. మూడొందల ఏళ్ల కిందటి ఆ వాకిలి గొడవలో ఇవాళ్టి మన గొడవలన్నీ ఉన్నాయి. తారీఖ్‌లో ఖుస్రూ ఉన్న సఫా ఒక్కటే చదివితే అది కమ్మటి కహానీ అవుతుంది. అహ్మదాబాద్ సఫా ఒక్కటే చదివితే జహర్ అవుతుంది. మా బేటీకి రెండూ చెప్పాను. రెండూ ఆమె ఆ ఒక్క రోజులోనే చూసింది కూడా.

ఆనంద్‌పూర్‌లో మన లఫ్జ్‌లు

బేగం ఇక ఇంటికి పోదామంది. బేటీయే ఒప్పుకోలేదు, "హోలా మొహల్లా చూస్తామన్నారుగా" అంది. చండీగఢ్ వెళ్లి, అక్కడి నుంచి రోపడ్ మీదుగా బస్సులో ఆనంద్‌పూర్ సాహిబ్ చేరాం. శివాలిక్ కొండల పాదాల దగ్గర ఊరు. గురు తేగ్ బహాదూర్ 1665లో స్థాపించారు. ఆయన కొడుకు గురు గోవింద్ సింగ్ 1699 బైసాఖీ నాడు ఇక్కడే ఖాల్సా పంథ్‌ను నిలబెట్టారు. సిక్కు రివాయత్ ప్రకారం 1701లో హోలీ పున్నమి మర్నాడు ఆయన ఇక్కడ ఒక కొత్త మేళా మొదలుపెట్టారు. రంగులాటకు బదులు జంగ్ సాధన. ఫౌజ్‌ను రెండు దళాలుగా చేసి, ఒకరు కోటను కాచుకోవాలి, ఒకరు హమ్లా చెయ్యాలి. అదే హోలా మొహల్లా. సిక్కు నిఘంటుకారుడు కాహన్ సింగ్ నాభా తన మహాన్ కోశ్‌లో ఈ పేరుకు హమ్లా, హమ్లా చేసే జాగా అని అర్థం చెప్పాడు.

ఊరంతా ట్రాక్టర్లు, ట్రాలీలు, దారి పొడవునా లంగర్‌లు. కాషాయం, నీలం తలపాగాలు. ఆఖరి రోజున చరణ్ గంగా మైదానంలో నిహంగులు గుర్రాలు పరుగెత్తించారు. ఒకడు రెండు గుర్రాల మీద చెరో కాలు పెట్టి నిలబడి, పగ్గాలు పట్టుకుని దూసుకుపోయాడు. ఆ దుమ్ములో గులాల్ కూడా కలిసి ఎగురుతోంది. కుర్రాళ్లు గత్కా ఆడుతుంటే కత్తులు కళ్లకు కనపడటం లేదు, చప్పుడు మాత్రం వినపడుతోంది.

నేను చెవులు పెట్టి వింటూ ఉన్నాను. ఖాల్సా, ఫతహ్, తఖ్త్, లంగర్, సర్దార్, నిహంగ్, మొహల్లా. ఇవన్నీ మన మక్తబ్‌లో విన్న అరబీ, ఫార్సీ లఫ్జ్‌లే. నిహంగ్ అంటే ఫార్సీలో మొసలి. గురు గోవింద్ సింగ్ 1705లో ఔరంగజేబ్‌కు రాసిన జఫర్‌నామా కూడా ఫార్సీ నజ్మే. దుష్మన్‌కు కూడా అతని జబాన్‌లోనే, షాయిరీలోనే జవాబ్ చెప్పిన కాలం అది. గురు గ్రంథ్ సాహిబ్‌లో బాబా ఫరీద్ కలామ్ ఉంది. గురు నానక్ పక్కన కూర్చుని రబాబ్ వాయించిన భాయి మర్దానా ముస్లిమే.

జంగ్‌ల ముచ్చట వస్తే దాన్నీ పూర్తిగా చెప్పుకోవాలి. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులిద్దరినీ గోడలో పెట్టి చంపించింది సర్‌హింద్ సూబేదార్ వజీర్ ఖాన్. ఆ జుల్మ్‌ను దర్బారులో ఎదిరించింది మలేర్‌కోట్లా నవాబ్ షేర్ మొహమ్మద్ ఖాన్. 1688లో భంగానీ జంగ్‌లో పఠాన్ సిపాయిలు గురువును వదిలేసి పోతే సఢౌరా నుంచి పీర్ బుద్ధూ షా తన కొడుకులను, వందలాది మురీద్‌లను తీసుకుని గురువు వైపు నిలబడ్డాడని, కొడుకులను పోగొట్టుకున్నాడని సిక్కులు నేటికీ చెప్పుకుంటారు. మాఛీవాడా అడవి దగ్గర గురువును దాటించింది గనీ ఖాన్, నబీ ఖాన్ అనే అన్నదమ్ములు. 1947లో పంజాబ్ రెండు వైపులా ఖూన్ ప్రవహించినప్పుడు మలేర్‌కోట్లా ముస్లింల మీద చెయ్యి పడలేదు. నవాబ్ ఎత్తిన ఆ ఒక్క ఆవాజ్‌కు రెండొందల నలభై ఏళ్ల తర్వాత దక్కిన అమానత్ అది.

అసర్ వేళ అయింది. నమాజ్‌కు జాగా కోసం అటూ ఇటూ చూస్తున్నాను. తెల్లగడ్డం నిహంగ్ ఒకాయన గుర్రానికి దాణా పెడుతూ మమ్మల్ని చూశాడు. సంగతి తెలుసుకుని తన ట్రాలీ పక్కన ఖాళీ చేసి, నేల మీద ఒక దుప్పటి పరిచాడు. ఖిబ్లా ఎటో నేను ఫోన్లో చూసుకుంటుంటే, "సూరజ్ అటు దిగుతుంది" అని చెయ్యి చూపించాడు. నమాజ్ అయ్యాక లంగర్‌కు పంపాడు. అక్కడ బేటీ పక్కన కూర్చున్న పంజాబీ అమ్మాయి గులాల్ పొట్లం విప్పి, ముందు బేటీ కళ్లలోకి చూసింది. బేటీ తల అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయి పొట్లం మడిచేసి, రోటీ వడ్డించింది. అంతే. బర్సానా గల్లీలో ఏడ్చిన మా పిల్ల ఇక్కడ నవ్వింది.

మన పక్కనే ఉన్న తఖ్త్

రైల్లో తిరిగొస్తుంటే నాకు మా జహాలత్ మీద నవ్వొచ్చింది. హోలా మొహల్లా కోసం దేశం ఆ కొసకు వెళ్లాం. మా కస్బా నుంచి మూడు గంటలు బస్సెక్కితే నాందేడ్. సిక్కుల ఐదు తఖ్త్‌లలో ఒకటి, హజూర్ సాహిబ్, అక్కడే గోదావరి ఒడ్డున ఉంది. 1708లో గురు గోవింద్ సింగ్ వఫాత్ అయ్యింది అక్కడే. అక్కడా హోలా మొహల్లా జరుగుతుంది. గురువుకు తల ఇవ్వడానికి ముందుకొచ్చిన పంజ్ ప్యారేలో భాయి సాహిబ్ సింగ్ మన పక్క బీదర్ మనిషి. జఫర్‌నామా అందుకున్న ఔరంగజేబ్ ఖబర్ ఖుల్దాబాద్‌లో ఉంది. రాసిన గురువు ఆఖరి మంజిల్ నాందేడ్. ఇద్దరికీ దక్కన్ మట్టే దక్కింది. తర్వాత ఆ రెండు ఊళ్లూ రెండొందల ఏళ్లకు పైగా ఒకే నిజాం రియాసత్‌లో ఉన్నాయి. దివాన్ చందూలాల్ కాలంలో, 1832 ప్రాంతంలో లాహోర్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన సిక్కు ఫౌజ్ వారసులు ఇప్పుడు తెలుగు, దక్కనీ రెండూ మనలాగే మాట్లాడతారు.

ఒకే చాంద్

2024 నుంచి మూడేళ్లు వరసగా హోలీ రమజాన్‌లో వచ్చింది. హోలీ ఎప్పుడూ పున్నమికే వస్తుంది కాబట్టి రమజాన్‌లో పడితే పదమూడో, పద్నాలుగో రోజా నాడే పడుతుంది. వాళ్ల మంట మీదా మన ఇఫ్తార్ మీదా వెలిగేది ఒకే చాంద్. మన సాల్ పదకొండు రోజులు చిన్నది కనుక నెలలు జరిగిపోయి, మళ్లీ ముప్పై మూడేళ్లకు అక్కడికే వస్తాయి. 1993లో కలిసినవి 2026లో మళ్లీ కలిశాయి.

2025 మార్చి 14న రమజాన్ జుమా, హోలీ ఒకే రోజున పడ్డాయి. ఉత్తరప్రదేశ్‌లో సంభల్, షాజహాన్‌పూర్‌లాంటి చోట్ల జులూస్ దారిలో ఉన్న మస్జిద్‌లను టార్పాలిన్‌లతో కప్పేశారు. చాలా చోట్ల జుమా నమాజ్ వేళ మార్చుకున్నారు. టీవీలో ఆ టార్పాలిన్‌లు చూస్తూ బేటీ, "ఇదేం జులూస్ అబ్బా?" అంది. షాజహాన్‌పూర్‌లో దాన్ని లాట్ సాహబ్ జులూస్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో నవాబ్ అబ్దుల్లా ఖాన్ ఊరికి తిరిగొస్తే హిందువులు, ముస్లింలు కలిసి ఆయనతో హోలీ ఆడి ఊరేగించారని, ఆ ఊరేగింపే ఇలా మారిందని అక్కడివాళ్లు చెబుతారు. నవాబ్‌తో మొదలైన జులూస్ వస్తుంటే మస్జిద్‌కు ముసుగు వెయ్యాల్సి వచ్చింది.

ఆ టార్పాలిన్ చూసినప్పుడు నాకు మా ఇంటి గడియ గుర్తొచ్చింది. అబ్బా గడియ ఖౌఫ్‌తో పెట్టాడు, ఆయనను తప్పు పట్టను. అయితే గడియ లోపల పెరిగిన పిల్లలకు బయట జరిగేది చప్పుడుగానే తెలుస్తుంది. అల్-బిరూనీకి, దర్గాహ్ కులీ ఖాన్‌కు ఆ చప్పుడులో పండుగ పేరు, తిథి, వాసన కూడా తెలుసు. బర్సానా ఇల్లాలి చాప, నిహంగ్ బాబా దుప్పటి, లంగర్‌లో మడిచేసిన ఆ గులాల్ పొట్లం, మూడూ ఒకటే చెప్పాయి. నువ్వు నువ్వుగా కూర్చో, కలిసి చూద్దాం. అలా పిలిచే మేడలు ఇంకా ఉన్నాయి. వెళ్లేవాళ్లం తగ్గిపోతున్నాం. వెళ్తే మెహమాన్ అదబ్‌తో వెళ్లాలి. వాళ్ల గుడిలో వాళ్ల ఖాయిదా పాటించాలి. మన పాబందీని సిగ్గుపడకుండా, గొడవ పడకుండా ముందే చెప్పాలి. మన వాకిట్లోకి వాళ్లొచ్చినప్పుడు అంతే ఇజ్జత్ ఇవ్వాలి.

2026 కాముని పున్నమి నాడు ఇఫ్తార్ అయ్యాక అమ్మీ తనే వెళ్లి వీధి తలుపు గడియ తీసింది. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. దూరంగా డీజే మోత తప్ప ఏమీ లేదు. "జాజిరి పిల్లలు వస్తలేరేంరా?" అంది. జాజిరి ఆడే పిల్లలు ఇప్పుడు ఎవరింటికీ రావడం లేదని, ఆ ఆటే పోయిందని ఆమెకు ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున పక్కింటి పాప పిచికారీ పట్టుకుని మా వాకిట్లో తచ్చాడుతోంది. బేటీ లోపలికెళ్లి, మూడేళ్లుగా అల్మారీలో దూదిలో దాచిన ఎర్ర గులాల్ గోటా తెచ్చి ఆ పాప అరచేతిలో పెట్టింది. "ఇది మా మీద కాదు, మీ మమ్మీ మీద పగలగొట్టు" అంది. పాప పరుగెత్తింది. కాసేపటికి గోడ అవతల నుంచి ఒక అరుపు, వెనకే నవ్వులు వినిపించాయి. అమ్మీ తస్బీహ్ ఆపి, "ఏమైంది?" అని చూసింది. తలుపు తెరిచే ఉంది.